టెక్సస్ చూడ్డానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం డాలస్ పక్కన ఉంటాం. ఏటా ఏప్రిల్ దగ్గర పడేసరికి తెలిసినవాళ్ల ఫోన్లు మొదలవుతాయి: "అమ్మావాళ్లు వస్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్లాలి?" చాలామంది తల్లిదండ్రులు ఆరు నెలలుండి, రెండు గుళ్లు, నాలుగు మాల్స్ చూసి తిరిగి వెళ్లిపోతున్నారు. అంత దూరం వచ్చినవాళ్లు ఈ నేలను కళ్లారా చూసి వెళ్లాలని నా పట్టుదల. ఇన్నేళ్లుగా నన్ను అడిగిన ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

వారం రోజులుంది. టెక్సస్ మొత్తం తిరిగేయొచ్చా?

కుదరదు. టెక్సస్ విస్తీర్ణం దాదాపు 6.95 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి రెండున్నర రెట్లు చేస్తే ఎంతో అంత. డాలస్ నుంచి హూస్టన్‌కి 240 మైళ్లు, అమరిల్లోకి 365 మైళ్లు, ఎల్ పాసోకి 630 మైళ్ల పైమాటే. పటంలో బెత్తెడు దూరం కనిపించేది కారులో పూట పడుతుంది.

మూడు రోజులుంటే ఒక్క ప్రాంతం పెట్టుకోండి. వారముంటే రెండు. మొదటిసారి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఆస్టిన్, శాన్ ఆంటోనియో, వాటి పక్కనున్న హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతం. ఆ రెండు ఊళ్ల మధ్య 80 మైళ్లే కాబట్టి రోజంతా కారులో గడిచిపోదు. ఒకే ట్రిప్పులో డాలస్, హూస్టన్, గాల్వెస్టన్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్ అన్నీ చుట్టబెట్టినవాళ్లకు చివరికి గుర్తుండేది ఐ-35 హైవే మీద ట్రాఫిక్ మాత్రమే.

ఏ నెలల్లో రావాలి?

మార్చి ఆఖరి నుంచి ఏప్రిల్ చివరి దాకా, మళ్లీ అక్టోబరు, నవంబరు. జూన్ నుంచి సెప్టెంబరు సగం దాకా ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. రోహిణి కార్తె నాలుగు నెలలు సాగితే ఎలా ఉంటుందో అలా. పైగా హూస్టన్ వైపు బందరు, కాకినాడల్లో లాగా ఒళ్లంతా చెమట జిడ్డు.

పిల్లల సెలవులు వేసవిలోనే కాబట్టి అప్పుడే రాక తప్పదంటే పొద్దున పదిలోపు బయటి పనులు ముగించుకోండి. మధ్యాహ్నం మ్యూజియాలకో గుహలకో వెళ్లండి. శాన్ ఆంటోనియోకి ఉత్తరాన నేచురల్ బ్రిడ్జ్ కావెర్న్స్ లోపల ఏడాది పొడవునా 70 డిగ్రీలే. నలుగురు కాలేజీ కుర్రాళ్లు 1960లో ఆ గుహను కనిపెట్టారు. లోపల చల్లగా ఉన్నా గాలిలో తేమ చాలా ఎక్కువ, మెట్లు తడిగా ఉంటాయి. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి.

బ్లూబానెట్ పూలు ఎక్కడ బాగుంటాయి? కోస్తే నేరమా?

బ్లూబానెట్ 1901 నుంచి ఈ రాష్ట్రపు అధికార పుష్పం. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ సగం దాకా రోడ్ల పక్కన నేలంతా నీలం పరిచినట్టుంటుంది. డాలస్ వాళ్లకు దగ్గరది ఎన్నిస్. హిల్ కంట్రీలో అయితే ఫ్రెడరిక్స్‌బర్గ్ పక్కన విల్లో సిటీ లూప్. శీతాకాలం వానల్ని బట్టి ఒక ఏడు గుట్టలుగా పూస్తాయి, ఒక ఏడు పల్చగా.

పూవు కోస్తే జైలే అన్న మాట ఇక్కడ అందరి నోటా వింటాం. పూవు కోయకూడదని ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. కానీ స్టేట్ పార్కుల్లో మొక్కలు తెంపకూడదు, కంచె దాటి వేరేవాళ్ల పొలంలోకి వెళ్లకూడదు. ఫోటో కోసం పూలమధ్య కూర్చుంటే కింద నలిగిన మొక్క విత్తనం కట్టదు, వచ్చే ఏడు అక్కడ పూలుండవు. అందుకని ఇదివరకే ఎవరో తొక్కి చేసిన ఖాళీలో కూర్చోండి. కూర్చునేముందు కర్రతో గడ్డి కదపండి. ఆ కాలంలో రాటిల్ స్నేక్స్ బయట తిరుగుతుంటాయి. పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి.

హూస్టన్‌లో స్పేస్ సెంటర్‌కి ఎంతసేపు కావాలి?

పూర్తి రోజు. పొద్దున తెరిచే వేళకే వెళ్లి ముందు ట్రామ్ ఎక్కండి. మధ్యాహ్నం అయ్యేకొద్దీ వరస పెరుగుతుంది. ట్రామ్ మిమ్మల్ని జాన్సన్ స్పేస్ సెంటర్ ఆవరణలోకి తీసుకెళ్తుంది. అక్కడ 363 అడుగుల సాటర్న్ 5 రాకెట్టును ఒక షెడ్డులో పడుకోబెట్టి ఉంచారు. ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తేనే అది ఎంత పెద్దదో తెలుస్తుంది. అపోలో 11 నాటి కంట్రోల్ గదిని 2019లో, చంద్రుడి మీద కాలుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా, ఆనాటిలాగే తీర్చిదిద్దారు. బల్లల మీద యాష్‌ట్రేలు, కాఫీ కప్పులు కూడా అలాగే పెట్టారు. ఈ గది టూరుకు టికెట్ విడిగా ఉంటుంది, ముందే చూసుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం చాలా చిన్నది. ప్రధాన భవనంలో చంద్రుడి నుంచి తెచ్చిన రాయి ముక్క ఒకటి ఉంది, వేలితో తాకొచ్చు. ఎందరో తాకి తాకి నునుపెక్కింది, నల్లగా మెరుస్తుంటుంది. మా అమ్మ వేలు పెట్టి, తీసి, పైటకొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టింది. చందమామను చూపించి నాకు గోరుముద్దలు తినిపించిన చెయ్యి అది. వెనక వరసలో ఉన్నవాళ్లు ఒక్కమాట అనకుండా ఆగారు.

మన పిల్లలకు చెప్పడానికి ఇంకా ఉంది. కల్పనా చావ్లా డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో 1984లో మాస్టర్స్ చేశారు. 2003 ఫిబ్రవరి 1న ఆమెతో కలిపి ఏడుగురున్న కొలంబియా షటిల్ విచ్ఛిన్నమైంది ఈ టెక్సస్ ఆకాశంలోనే. శకలాలు తూర్పు టెక్సస్ అడవుల్లో పడ్డాయి. హెంఫిల్ అనే చిన్న ఊళ్లో ఆ ఏడుగురి జ్ఞాపకంగా మ్యూజియం ఉంది. 2021లో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చిన మన శిరీష బండ్ల పెరిగింది కూడా హూస్టన్‌లోనే.

గాల్వెస్టన్ నీళ్లు మట్టిరంగులో ఉంటాయట, వెళ్లడం దండగా?

రంగు నిజమే. మిసిసిపీ, ఇంకా ఇక్కడి నదులు మోసుకొచ్చే ఒండ్రు అది, మురికి కాదు. నీలంగా ఉండే సముద్రం కావాలంటే ఇంకా దక్షిణాన సౌత్ పాడ్రే ఐలండ్ దాకా పోవాలి. కానీ గాల్వెస్టన్‌ని బీచ్ కోసం మాత్రమే చూడకండి.

1900 సెప్టెంబరు 8న వచ్చిన తుఫానులో ఈ ద్వీపం మీద కనీసం ఆరు వేల మంది చనిపోయారు. ఎనిమిది వేలని కూడా అంటారు. అమెరికా చరిత్రలో అంత ప్రాణనష్టం తెచ్చిన ప్రకృతి విపత్తు మరొకటి లేదు. దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో వింటూ పెరిగినవాళ్లు అక్కడ నిలబడితే ఒక్కమాటలో అర్థమైపోతుంది. ఆ తర్వాత జనం ఊరొదిలి పోలేదు. 17 అడుగుల ఎత్తున సీవాల్ (సముద్రాన్ని ఆపే గోడ) కట్టారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి, ఊరి నేల మట్టాన్నే పెంచారు. ఆ గోడ మీద సాయంత్రం నడుస్తూ పిల్లలకు ఈ కథ చెప్పండి. తర్వాత స్ట్రాండ్ వీధిలో ఆ తుఫానును తట్టుకుని నిలిచిన పాత భవనాలు చూపించండి.

ఆలమో చాలా చిన్నదట కదా?

చిన్నదే. శాన్ ఆంటోనియోలో స్పెయిన్ కాలపు మిషన్, అంటే క్రైస్తవ మఠం అది. 1836లో మెక్సికో సైన్యం పదమూడు రోజులు ముట్టడించాక మార్చి 6న లోపలున్న టెక్సస్ పోరాట యోధులు దాదాపు అందరూ చనిపోయారు. టెక్సస్ వాళ్లకు అది గుడితో సమానం, లోపల టోపీలు తీసేయమంటారు. చర్చిలోకి ప్రవేశం ఉచితమే కానీ ఏ వేళకు వస్తారో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

అక్కడితో ఆపి వెనక్కి రాకండి. నదివెంట దక్షిణానికి వెళ్తే కన్సెప్సియన్, శాన్ హోసె, శాన్ హువాన్, ఎస్పాడా అని మరో నాలుగు మిషన్లున్నాయి. ఆలమోతో కలిపి వీటిని 2015లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. శాన్ హోసె రాతి కిటికీ చెక్కడం దగ్గర మాత్రం తొందరపడకండి. ఆ నాలుగు చర్చిల్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి.

ఊరి మధ్య నది ఒడ్డున నడకదారి, రివర్ వాక్, రాత్రిపూట చూడాలి. 1921 వరద తర్వాత ఈ నది వంపును పూడ్చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. రాబర్ట్ హగ్‌మన్ అనే ఆర్కిటెక్ట్ గీసిన నమూనా పుణ్యాన అది ఈ రూపంలో మిగిలింది. పడవ ఎక్కితే అరగంటకు పైగా హాయిగా కూర్చోవచ్చు.

ఆస్టిన్ గబ్బిలాలు ఎప్పుడు కనిపిస్తాయి?

మార్చి నుంచి అక్టోబరు దాకా, పొద్దుగూకే వేళ, కాంగ్రెస్ అవెన్యూ బ్రిడ్జి కింద నుంచి. 1980లో వంతెనకు మరమ్మతు చేసినప్పుడు అడుగున సన్నటి నెర్రెలు మిగిలాయి, అవి గబ్బిలాలకు సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు సీజన్‌లో 15 లక్షల దాకా ఉంటాయంటారు. మొదట్లో జనం భయపడ్డారు. రాత్రికి టన్నుల కొద్దీ పురుగుల్ని తింటాయని తెలిశాక ఊరికి గర్వకారణమయ్యాయి. ఆగస్టులో పిల్లగబ్బిలాలు కూడా ఎగరడం మొదలుపెడతాయి కాబట్టి గుంపు మరీ పెద్దది.

ముందు ఘాటైన వాసన వస్తుంది, తర్వాత కిచకిచలు, ఆ తర్వాత నదిమీద తూర్పుగా పొగ తాడులా సాగిపోతాయి. వంతెన తూర్పు వైపు కాలిబాట మీద నిలబడండి. కొన్ని రోజులు చీకటి పడ్డాకే బయల్దేరతాయి, అప్పుడు సరిగా కనిపించవు. అందుకే ఒక్క సాయంత్రమే నమ్ముకోవద్దు.

పగలు కాపిటల్ (రాష్ట్ర శాసనసభ భవనం) చూడండి, ఉచితం. ఎర్రటి గ్రానైటుతో 1888లో పూర్తయింది, వాషింగ్టన్‌లోని కాపిటల్ కన్నా ఎత్తు. గుమ్మటం లోపల పైన కనిపించే నక్షత్రం అరచేయంత ఉన్నట్టనిపిస్తుంది, నిజానికి ఎనిమిది అడుగులు.

ఎన్‌చాంటెడ్ రాక్ పెద్దవాళ్లు ఎక్కగలరా? నదుల్లో దిగొచ్చా?

భువనగిరి గుట్ట ఎక్కినవాళ్లకు కొత్తేమీ కాదు. అలాంటిదే ఏకశిల, గులాబి రంగు గ్రానైట్, 425 అడుగుల ఎత్తు. మెట్లు లేవు, బండ మీదే నడవాలి. మోకాళ్లు బాగుంటే అరవై దాటినవాళ్లూ నెమ్మదిగా ఎక్కేస్తారు. వానపడి తడిసినప్పుడు మాత్రం వద్దు. శని, ఆదివారాల్లో పార్కింగ్ ముందే నిండిపోయి గేటు మూసేస్తారు, రిజర్వేషన్ చేసుకోండి. దిగాక ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఆగండి. 1846లో జర్మన్లు కట్టుకున్న ఊరు. మే నుంచి ఆగస్టు దాకా రోడ్డు పక్కన పీచ్ పళ్లు అమ్ముతారు, తోటలో పండి కోసినవి.

నదుల విషయం గట్టిగా చెప్తున్నాను. గ్వాడలూప్, కోమల్ నదుల్లో ట్యూబుల మీద తేలడం వేసవిలో అందరికీ సరదా. కానీ ఈ ప్రాంతంలో మెరుపు వరదలు ఎక్కువ. పల్చటి మన్ను, కింద సున్నపురాయి, వాన నీరు ఇంకదు, ఎక్కడో పైన కురిసినా నిమిషాల్లో నది పొంగుతుంది. 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ వరదలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. నది పక్కన బస చేస్తే ఫోన్‌లో హెచ్చరికలు ఆపకండి. రోడ్డు మీద నీరు పారుతుంటే లోతెంతో చూద్దామనుకోకుండా కారు వెనక్కి తిప్పండి.

డాలస్‌లోనే ఉంటాం. ఒక్క రోజులో వెళ్లొచ్చేవి ఏమిటి?

కెనడీ హత్య జరిగిన డీలీ ప్లాజా, కాల్పులు జరిపిన భవనం ఆరో అంతస్తులో మ్యూజియం: రెండు మూడు గంటలు. అర్బొరేటమ్ అనే పెద్ద తోట: వసంతంలో తులిప్ పూలు, అక్టోబరులో గుమ్మడికాయల ఇళ్లు. సెప్టెంబరు నెలాఖరు నుంచి స్టేట్ ఫెయిర్. ఫోర్ట్ వర్త్‌లో స్టాక్‌యార్డ్స్ అనే పాత పశువుల సంతలో రోజూ రెండుసార్లు పొడవు కొమ్ముల లాంగ్‌హార్న్ ఎడ్లను వీధిలో నడిపిస్తారు. ఒంగోలు గిత్తల్ని ఎరిగిన నాన్నగార్లు ఈ కొమ్ముల వెడల్పు చూసి చాలాసేపు మాట్లాడతారు. అర్వింగ్‌లో మహాత్మాగాంధీ స్మారకం కూడా దారిలోనే.

పిల్లలుంటే మాత్రం గ్లెన్ రోజ్ వదలకండి. పలక్సీ నది అడుగు బండల్లో 11.3 కోట్ల ఏళ్లనాటి డైనోసార్ల అడుగులున్నాయి. అద్దాల వెనక కాదు, నదిలోనే. ఒక్కో అడుగులో నీరు నిలిచి చిన్న గోలెంలా ఉంటుంది. పిల్లలు కాళ్లు అందులో పెట్టి చూసుకుంటారు. నీరు తగ్గే వేసవి చివర్లో బాగా కనిపిస్తాయి. వెళ్లేముందు నీటిమట్టం ఎంతుందో పార్కుకి ఫోన్ చేసి అడగండి.

బిగ్ బెండ్‌కి అంత దూరం ఎందుకు?

డాలస్ నుంచి ఎనిమిది తొమ్మిది గంటల పైనే. రెండు రోజులకైతే వెళ్లకండి, నాలుగుంటే వెళ్లండి. 1944లో నేషనల్ పార్కయింది, ఎనిమిది లక్షల ఎకరాలు. ఎడారి, కొండలు, నది మూడూ అందులోనే. శాంటా ఎలీనా కాన్యన్ దగ్గర రియో గ్రాండ్ నది 1,500 అడుగుల నిలువు బండల మధ్యనుంచి వస్తుంది. ఒక గోడ అమెరికా, ఎదుటి గోడ మెక్సికో. వానలు పడితే దారిలో వాగు దాటడం కష్టం, పొద్దున్నే వెళ్తే గోడ మీద ఎండ పడుతుంది.

నేను వెళ్లమనేది రాత్రి కోసం. అలాస్కా, హవాయి కాక మిగతా 48 రాష్ట్రాల నేషనల్ పార్కుల్లో ఇంత చీకటి ఆకాశం వేరేచోట లేదు. అమావాస్య దగ్గర చూసుకుని డిసెంబరులో వెళ్లాం. మా నాన్న దుప్పటి కప్పుకుని కుర్చీలో వెనక్కి వాలి, "అదిగో గొల్లకావడి, దానికి పైన పిల్లలకోడి" అని నా కూతురికి చూపించారు. మా ఊళ్లో పొలం కాపలాకు పడుకున్న రోజుల తర్వాత పాలపుంతను ఇంత స్పష్టంగా చూడలేదన్నారు. తెల్లవారుజామున వేగుచుక్క పొడిచేదాకా ఆయన లోపలికి రాలేదు.

పెట్రోలు దారిలో వచ్చే మారథాన్ ఊళ్లోనో ఆల్పైన్‌లోనో నింపుకోండి, పార్కులో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. వసతి నెలల ముందే అయిపోతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఫోర్ట్ డేవిస్ దగ్గర మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో టెలిస్కోపులతో నక్షత్రాలు చూపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. బాల్మొరియాలో ఊటనీటి కొలను అడుగు దాకా కనిపించేంత తేట.

దారిలో బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు గస్తీ) వాళ్లు ఆపుతారట?

అవును. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి, సౌత్ పాడ్రే నుంచి వెనక్కి వచ్చే దారుల్లో చెక్‌పోస్టులున్నాయి. అందరి పాస్‌పోర్టులు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే పత్రం), గ్రీన్‌కార్డు ఉంటే అది, అసలు కాగితాలే తీసుకెళ్లండి. అడిగినదానికి సూటిగా జవాబిస్తే రెండు నిమిషాల పని. బిగ్ బెండ్‌లో బోకియాస్ దగ్గర పడవ ఎక్కి మెక్సికో ఊరు చూసొచ్చే వీలుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటినవాళ్లు ఆ పడవ ఎక్కకపోవడమే నయం.

అమరిల్లో వైపు ఏముంది?

పాలో డూరో కాన్యన్. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత పెద్దది, దాదాపు 120 మైళ్ల పొడవు. చదునైన పొలాల మధ్య కారు పోతూ పోతూ ఉండగా నేల ఒక్కసారి తెరుచుకుని ఎర్రటి పొరలు కనిపిస్తాయి. కారులోనే అడుగుదాకా దిగొచ్చు. 1874లో ఇక్కడే అమెరికా సైన్యం కొమాంచి, కయోవా, షయాన్ తెగల శిబిరాల మీద పడి, వాళ్ల గుర్రాలను వెయ్యికి పైగా కాల్చి చంపింది. గుర్రం లేకపోతే వాళ్లకు వేట లేదు. ఆ చలికాలం తర్వాత లొంగిపోక తప్పలేదు. లైట్‌హౌస్ ట్రెయిల్ రానూ పోనూ ఆరు మైళ్లు, నీడ లేదు, వేసవిలో వద్దు.

పది కాడిలాక్ కార్లను 1974లో ముక్కు కిందకి పాతిపెట్టిన కాడిలాక్ రాంచ్‌కి పావుగంట చాలు.

తూర్పు టెక్సస్?

కాడో సరస్సు. నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మలకు జడల్లా వేలాడే స్పానిష్ మాస్. నవంబరులో ఆకులు రాగిరంగుకు తిరుగుతాయి. పడవవాణ్ణి మాట్లాడుకుని వెళ్లండి, లోపల దారి తప్పడం తేలిక. ఒడ్డున ఉన్న ఊరి పేరు అన్‌సర్టెన్.

దక్షిణ తీరంలో?

పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్‌లో జూన్ సగం నుంచి ఆగస్టు దాకా కొన్ని తెల్లవారుజాముల్లో కెంప్స్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు, ఎవరైనా చూడొచ్చు. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లేలకు దగ్గరి బంధువులు ఇవి. పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయో ముందు తెలియదు, పార్కువాళ్ల ఫోన్ సందేశం ముందురోజు రాత్రి విని బయల్దేరాలి.

చలికాలమైతే అరాన్సస్ అభయారణ్యంలో వూపింగ్ క్రేన్ కొంగలు. 1941లో ఇరవైకి లోపు మిగిలి, ఇప్పుడు ఐదు వందలు దాటాయి. కెనడా నుంచి వస్తాయి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ఊళ్లలో ఇబ్బంది లేదు. పశ్చిమానికి వెళ్తే చిన్న రైస్ కుక్కర్, పచ్చళ్లు, పెరుగు, పులిహోర పెట్టుకోండి. మెక్సికన్ హోటళ్లలో ఉడికించిన బీన్స్‌లో పందికొవ్వు వేయడం కద్దు, అడిగి తినండి. హైవే మీద బకీస్ పెట్రోలు బంకు కనిపిస్తే ఆగండి, బాత్రూములు ఎప్పుడూ శుభ్రం.

గుళ్లు?

పియర్‌లాండ్ మీనాక్షి ఆలయం, షుగర్‌లాండ్ అష్టలక్ష్మి ఆలయంలో 2024లో ప్రతిష్ఠించిన 90 అడుగుల హనుమంతుడు, ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్. ఇవి ట్రిప్పులో భాగంగా చూడండి, ఇవే ట్రిప్పు కాకుండా.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. నడవకుండా ఏం చూడొచ్చు?

చాలా. బిగ్ బెండ్‌లో రాస్ మాక్స్‌వెల్ రోడ్డంతా కారు కిటికీలోంచే అందంగా ఉంటుంది. సోటోల్ విస్టా దగ్గర ఆగితే చాలు. పాలో డూరోలో అడుగుదాకా కారు వెళ్తుంది. స్పేస్ సెంటర్‌లో వీల్‌చైర్ దొరుకుతుంది. రివర్ వాక్‌లో పడవ ఉంది. స్టాక్‌యార్డ్స్‌లో ఎడ్లు మీ ముందు నుంచే పోతాయి.

గాల్వెస్టన్ నుంచి బొలివర్‌కి వెళ్లే ఫెర్రీ ఉచితం, కారుతో సహా. ఇరవై నిమిషాల ప్రయాణం. సముద్రపు కాకులు పడవ వెంటే వస్తాయి, అదృష్టముంటే డాల్ఫిన్లు పక్కనే దూకుతాయి. మా అమ్మ రెయిలింగ్ పట్టుకుని మూడింటిని లెక్కపెట్టింది. అవతలి ఒడ్డున దిగగానే, "డబ్బులేం తీసుకోరుగా, ఇదే పడవలో మళ్లీ పోదాం" అంది. వెళ్లాం.